కోఫాక్సా, స్పానా: ఇద్దరు ఎడమచేతి పిచ్చర్లలో ఎవరిది పైచేయి?

శాండీ కోఫాక్స్ 1972లో, వారెన్ స్పాన్ 1973లో అమెరికా బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు సంపాదించారు. ఇద్దరూ ఎడమచేత్తో బ్యాటర్‌కు బంతి విసిరే పిచ్చర్లే. 1955 నుంచి 1965 వరకు ఇద్దరూ అక్కడి రెండు ప్రధాన లీగుల్లో ఒకటైన నేషనల్ లీగ్‌లోనే ఆడారు. అయినా వీరి ఘనతలను ఒకే త్రాసులో తూచడం కష్టం, ఎందుకంటే ఒకరిది ఆరేళ్ల ప్రభంజనం, మరొకరిది రెండు దశాబ్దాల నిలకడ.

డాడ్జర్స్ జట్టులో కోఫాక్స్ తొలి ఆరేళ్లు సాదాసీదాగా గడిచాయి. బంతిలో వేగం ఉన్నా అదుపు లేకపోవడంతో 36 విజయాలకు 40 ఓటములు మిగిలాయి. ఆ తరువాతి ఆరేళ్లలో మాత్రం 129 గెలిచి 47 మాత్రమే ఓడాడు. ఫీల్డర్ల తప్పిదాల వల్ల వచ్చినవి పోను పిచ్చర్ తొమ్మిది ఇన్నింగ్స్‌కు, అంటే ఒక పూర్తి ఆటకు, సగటున ఎన్ని పరుగులు ఇచ్చాడో చెప్పే ఈఆర్‌ఏ (ఇది ఎంత తక్కువైతే అంత మేలు) లెక్కలో 1962 నుంచి 1966 వరకు వరుసగా ఐదేళ్లు లీగ్‌లో అతనిదే అగ్రస్థానం. రెండు లీగులకూ కలిపి ఏడాదికి ఒక్కరికే ఉత్తమ పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు దక్కే ఆ రోజుల్లో దానిని మూడుసార్లు గెలుచుకున్నాడు. రెండు లీగుల విజేతలు తలపడే వరల్డ్ సిరీస్‌లో, 1965 నాటి ఏడో మ్యాచ్‌లో, రెండు రోజుల విశ్రాంతితోనే మైదానంలో దిగి, వంపు తిరిగే కర్వ్‌బాల్ సరిగా తిరగడం లేదని గ్రహించి, దాదాపుగా వేగంగా విసిరే ఫాస్ట్‌బాల్‌నే నమ్ముకుని ప్రత్యర్థి మిన్నెసోటా జట్టుకు ఒక్క పరుగూ ఇవ్వలేదు.

అయితే, 1962లో ప్రారంభమైన డాడ్జర్ స్టేడియం పిచ్చర్లకు బాగా కలిసొచ్చే మైదానమనీ, బంతి చెల్లుబాటయ్యే పరిధి అయిన స్ట్రైక్ జోన్‌ను 1963 నుంచి పెంచారనీ మరువరాదు. ఆ మైదానంలో కోఫాక్స్ ఈఆర్‌ఏ 1.37 అయితే, మొత్తం కెరీర్‌లో 2.76. 27 విజయాలు సాధించిన 1966 సీజన్ ముగియగానే, మోచేతి కీళ్లనొప్పి కారణంగా 30 ఏళ్లకే ఆటకు వీడ్కోలు పలికాడు.

స్పాన్ కథ దీనికి భిన్నం. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చిన ఆయనకు తొలి విజయం 1946లో, 25 ఏళ్ల వయసులో దక్కింది. అక్కడి నుంచి 363 విజయాలకు చేరుకున్నాడు. ఎడమచేతి పిచ్చర్లలో అంతకు మించినవారు నేటికీ లేరు. పదమూడు సీజన్లలో ఇరవై లేక అంతకన్నా ఎక్కువ గెలిచాడు. వేగం తగ్గేకొద్దీ స్క్రూబాల్, స్లైడర్ అనే పక్కకు తిరిగే బంతులు నేర్చుకుని బ్యాటర్ల లయను చెడగొట్టడమే పనిగా పెట్టుకున్నాడు. ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వని ఆటలను నో-హిట్టర్లు అంటారు; తన రెండు నో-హిట్టర్లనూ 39, 40 ఏళ్ల వయసులో సాధించాడు. స్పాన్ పూర్తిగా తానే ముగించిన ఆటలు 382. కోఫాక్స్ 1965లో చేసిన స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ను అవుట్ చేయడం) కూడా సరిగ్గా 382 కావడం విచిత్రమే.

గెలిచి తీరవలసిన ఒక్క ఆట కోసమైతే బంతిని కోఫాక్స్‌కే ఇస్తాను. కానీ మనం తూచవలసింది కెరీర్‌ను గనుక నా ఓటు స్పాన్‌కే. స్పాన్ 3.09 ఈఆర్‌ఏ, కోఫాక్స్ అంకె ముందు చిన్నబోయినట్టు కనిపించినా, అది రెట్టింపుకు మించిన ఇన్నింగ్స్‌పై నిలబెట్టుకున్న సగటు. 1963 జూలై 2న శాన్‌ఫ్రాన్సిస్కోలో, 42 ఏళ్ల వయసులో, ప్రత్యర్థి పిచ్చర్, 25 ఏళ్ల వాన్ మరిషాల్‌కు దీటుగా పదహారో ఇన్నింగ్స్ దాకా బంతి విసిరి, చివరికి ప్రత్యర్థి బ్యాటర్ విల్లీ మేస్ హోమ్ రన్‌తో (బంతిని మైదానం దాటించే దెబ్బ) 1-0 తేడాతో ఓడాడు. ఆ సీజన్‌ను 23 విజయాలతో ముగించాడు.