టాప్ కోసిన మెర్సిడెస్ ఎస్‌ఈసీ కన్వర్టిబుల్ కొనేవాళ్లు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

జర్మనీలో ఉంటూ పాత మెర్సిడెస్‌ల మీద మోజుపడే మనవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు జరిగింది మీకు జరగకూడదని రాస్తున్నాను.

1971 తర్వాత మళ్లీ 2015 దాకా మెర్సిడెస్ పెద్ద కార్ల వరుస ఎస్-క్లాస్‌లో కంపెనీ కన్వర్టిబుల్ (టాప్ తెరుచుకునే బండి) రాలేదు. అందుకే 80లలో మ్యూనిక్‌లోని కోనిగ్ స్పెషల్స్ లాంటి ట్యూనర్లు, అంటే కంపెనీ బండ్లను మార్చి ఇచ్చే వర్క్‌షాపులు, ఎస్‌ఈసీ కూపేల (ఎస్-క్లాస్‌లో రెండు తలుపుల, మూసిన టాప్ బండ్ల) టాప్ కోసి, కింద బలం కట్టి, గుడ్డ టాప్ పెట్టి ఇచ్చేవాళ్లు. అలాంటి బండ్లు చాలా తక్కువ. ధర ఎక్కువ కాబట్టి నకిలీలూ పుట్టాయి.

నేను కొన్నది 500 ఎస్‌ఈసీ. 80ల నాటి ట్యూనర్ పనే అని ప్రకటనలో పెద్ద అక్షరాలతో ఉంది. కాంట్రాక్టులో మాత్రం ఆ మాట లేదు, 'చూసినట్టే కొన్నారు' అన్న ఒక్క వాక్యం ఉంది. నేను గమనించకుండా సంతకం పెట్టేశాను. అమ్మినాయన అంత మర్యాదగా మాట్లాడాడు మరి.

ట్యూఫ్ తనిఖీకి (జర్మనీలో బండ్లకు చేసే భద్రతా పరీక్షకు) తీసుకెళ్తే అసలు సంగతి బయటపడింది. రిజిస్ట్రేషన్ కాగితాల్లో అది ఇంకా మూసి ఉన్న కూపేనే! టాప్ తీసేసిన మార్పు ఎక్కడా నమోదు కాలేదు. ఇంజనీరు ఒక పక్క జాకీ ఎత్తించి తలుపు తెరవమన్నాడు. తెరుచుకుంది గానీ మళ్లీ మూసుకోలేదు. బాడీ వంగుతోంది. కార్పెట్ ఎత్తితే తలుపు కింది గుమ్మం లోపల రేకు ముక్కలు అతికించిన వెల్డింగ్, దాని చుట్టూ తుప్పు. ఎవరో తర్వాతి కాలంలో షెడ్డులో కోసేసిన బండి అది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

ఒక్క మాట గుర్తుంచుకోండి. ఛాసిస్ నంబర్ చూసి అసలుదో నకిలీదో తేల్చలేం. అసలు ట్యూనర్ చేసిన బండి కూడా కూపేగానే పుట్టింది కాబట్టి యూరప్‌లో అమ్మిన 500 ఎస్‌ఈసీకి నంబర్ డబ్ల్యూడీబీ 126044 తోనే మొదలవుతుంది. ట్యూనర్ ఇచ్చిన బిల్లు, ఆ కాలపు ఫొటోలు, మార్పు నమోదైన కాగితం అడగండి. 'పోయాయి' అంటే దాన్ని మామూలు కూపే కిందే లెక్కగట్టండి. పాతకాలపు బండ్లకిచ్చే హెచ్ నంబర్ ప్లేట్ కావాలన్నా ఆ రుజువులతోనే పని పడుతుంది.

ట్యూనర్ పేరు, మార్పు చేసిన సంవత్సరం కాంట్రాక్టులో రాయించుకోండి. ప్రకటన స్క్రీన్‌షాట్ దాచుకోండి. నేను దాచుకున్నాను, ఇప్పుడు మా లాయరు చేతిలో ఉన్న ఆధారం అదొక్కటే.