పల్లేరుకాయకు సరే, సర్కారు తుమ్మకు? గేటర్‌స్కిన్ 28 టైరు సంగతి

నల్లగొండ నుంచి దేవరకొండ వైపో, మహబూబ్‌నగర్ నుంచి భూత్పూర్ వైపో రోడ్ బైకు, అంటే సన్న టైర్ల రేసు తరహా సైకిలు, తీసేవాళ్లు గేర్ల కంటే ముందు తేల్చుకోవాల్సింది టైరు. ఇక్కడి రోడ్లు అంత అధ్వానమేమీ కాదు, ఇబ్బంది అంతా రోడ్డు అంచుతోనే. లారీలకు దారి ఇస్తూ సైకిలు నడిచేది తెల్లగీత అవతలే. గాలికి కొట్టుకొచ్చిన చెత్తంతా చేరేదీ అక్కడే. కాంటినెంటల్ కంపెనీ గేటర్‌స్కిన్ 28 ఎంఎం టైరును ఆ అంచును దృష్టిలో పెట్టుకొని చూడాలి.

దీని నిర్మాణంలో రెండు సంగతులున్నాయి. నడిచే రబ్బరు కింద పాలీఎక్స్ అనే గట్టి అల్లిక పొర, పక్కలకు డ్యూరాస్కిన్ అనే గోధుమరంగు జాలీ. ఆ జాలీ వల్ల పదునైన కంకర తగిలినా సైడ్‌వాల్ అంత తేలిగ్గా కోసుకుపోదు. వాడుతుంటే దాని అంచున దారం పోగులు లేస్తాయి. వాటిని చూసి భయపడొద్దు, పీకొద్దు. కత్తెరతో కత్తిరిస్తే చాలు.

పంక్చర్లు ఇక్కడ మూడు రకాలు. మొదటిది పల్లేరుకాయ. వానలు తగ్గాక రోడ్డు పక్కన పాకి, ఎండి, ముళ్లు పైకి పెట్టుకొని పడి ఉంటుంది. దాని ముల్లు పొట్టి. గేటర్‌స్కిన్ చాలావరకు దీన్ని ఆపుతుంది, ఈ టైరుకు పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది ఇక్కడే. రెండోది లారీ టైరు పేలినప్పుడు రాలే ఉక్కు తీగ. వెంట్రుకంత సన్నం, అరంగుళం కూడా ఉండదు. గుచ్చుకోగానే గాలి పోదు. కిలోమీటర్ల కొద్దీ తిరుగుతూ మెల్లగా లోపలికి దిగుతుంది. విజయవాడ హైవే మీద చిట్యాల, నార్కట్‌పల్లి దాటి పోయి వచ్చినవాళ్లు ఇల్లు చేరగానే తడిగుడ్డతో టైరు తుడిచి, గుచ్చుకున్నవాటిని గోళ్లకత్తెరతో తీసేయాలి. మూడోది చెరువు కట్టల మీద దొరికే సర్కారు తుమ్మ ముల్లు. కొమ్మ నరికి రోడ్డు మీద వదిలేస్తే, నిలువుగా దిగిన ఆ ముల్లును గేటర్‌స్కినూ ఆపలేదు, ఇంకే రేసింగ్ టైరూ ఆపలేదు. ఆపుతుందని చెప్పి అమ్మేవాళ్లను నమ్మొద్దు.

కొనేటప్పుడు ఒక చిక్కుంది. ఊళ్లో సైకిల్ దుకాణానికి పోయి ‘28 టైరు’ అంటే పాల క్యాన్లు మోసే పెద్ద సైకిలుది ఇస్తారు. అది 28 అంగుళాలు, దాని రిమ్ము కొలత 635 ఎంఎం. రోడ్ బైకుకు కావాల్సింది 28-622, అంటే 28 ఎంఎం వెడల్పు, 622 ఎంఎం రిమ్ము. ఆ అంకె సైడ్‌వాల్ మీదే ఉంటుంది, చదివి కొనండి. బీడు, అంటే రిమ్మును పట్టుకునే అంచు, ఉక్కు తీగతో ఉండే రకం, మడతపెట్టే రకం రెండూ దొరుకుతాయి. మడత రకం తేలిక, సంచిలో పడుతుంది. తీగ రకం చవక. ఫ్రేముకూ, బ్రేకుకూ మధ్య 28 పట్టే సందు ఉందో లేదో ముందే చూసుకోవాలి. పాత రిమ్ బ్రేకు బైకుల్లో 25 దాటితే రాసుకునేవి ఉన్నాయి.

కొత్తది ఎక్కించడం కొంచెం కష్టం. ముందు ట్యూబులో రెండు మూడు స్ట్రోకుల గాలి పెట్టి గుండ్రంగా చేయాలి. టైరు మీది అక్షరాలు వాల్వు దగ్గరికి వచ్చేలా పెట్టాలి. ఒక అంచు పూర్తిగా దింపాక రెండోది వాల్వుకు ఎదురువైపు నుంచి మొదలుపెట్టి వాల్వు దగ్గర ముగించాలి. చివరి జానెడు బిగుసుకుంటే లీవరు తీయకముందే, అప్పటిదాకా దింపిన అంచునంతా రిమ్ము నడిమి గాడిలోకి నొక్కుకుంటూ రండి, వదులు దొరుకుతుంది. లీవరుతో బలవంతం చేస్తే కొత్త ట్యూబే చిల్లు పడుతుంది.

గాలి విషయంలో చాలామంది పొరపాటు పడేది గట్టిగా ఉంటే వేగం అనుకోవడం. 70 కిలోల మనిషికి 28 ఎంఎంలో వెనక 75–80, ముందు 70 పీఎస్ఐ సరిపోతుంది. 100 కొడితే కంకర తేలిన గరుకు రోడ్డు మీద చేతులు తిమ్మిరెక్కుతాయి, వేగం రాదు. ఎండాకాలం ఇంకో లెక్క: తెల్లవారుజామున 25 డిగ్రీల దగ్గర 80 పెడితే, లోపలి గాలి 45కు వేడెక్కేసరికి దాదాపు 86 అవుతుంది. భయపడేంత కాదు గానీ, సైడ్‌వాల్ మీది గరిష్ఠం దాకా నింపి బయల్దేరొద్దు.

అసలు లోపం తడి రోడ్డు. ఈ రబ్బరు గట్టిది కాబట్టే ఎక్కువకాలం మన్నుతుంది, గట్టిది కాబట్టే తడిలో పట్టు తక్కువ. వానకాలంలో ఈగలపెంట దాటాక శ్రీశైలం డ్యామ్ వైపు దిగే ఘాటు మలుపుల్లో ముందు చక్రానికి ఇది వద్దు. మిర్యాలగూడ, హాలియా దిక్కు కోతల రోజుల్లో రోడ్డు సగం దాకా వడ్లు ఆరబోస్తారు, అంచున రాళ్లు పెడతారు. వడ్ల మీద ఏ టైరైనా జారుతుంది, హ్యాండిల్ తిప్పకుండా, బ్రేకు పట్టకుండా నేరుగా దాటాలి. గేటర్‌స్కిన్ అయితే ముందే నెమ్మదించాలి. అందుకే వెనక గేటర్‌స్కిన్, ముందు అదే కంపెనీ గ్రాండ్ ప్రీ 5000 గానీ ఫోర్ సీజన్ గానీ వేయడం తెలివైన జోడీ. బరువు, అరుగుదల, పంక్చర్లు అన్నీ వెనకే ఎక్కువ. వెనక జారితే చాలాసార్లు తేరుకోవచ్చు, ముందు జారితే పడటమే. అరిగిన వెనక టైరును ముందుకు మార్చడం మాత్రం చేయొద్దు.

2018లో వచ్చిన 5000 కంటే ఇది మందకొడిగా నడుస్తుంది, తొక్కగానే తెలుస్తుంది. రేసుల్లో దీన్ని చూడరు. టూర్ డి ఫ్రాన్స్ రైడరు వెనక స్పేర్ చక్రాలతో టీమ్ కారు వస్తుంది. డిండి దారిలో మన వెనక వచ్చేది ఆర్టీసీ బస్సు.

పంక్చరైతే ట్యూబు చూసి కారణం చెప్పొచ్చు. పైవైపు ఒక్క చిల్లు ఉంటే ముల్లో, తీగో. పక్కపక్కన పాము కాట్లలా రెండు గాట్లుంటే గాలి తక్కువై స్పీడ్ బ్రేకరుకో గుంతకో రిమ్ము కొట్టుకున్నట్టు. లోపలివైపు చిల్లుంటే రిమ్ములో పుల్లల రంధ్రాలను కప్పే టేపు జరిగినట్టు. అక్షరాలు వాల్వు దగ్గర పెట్టమన్నది ఇందుకే: ట్యూబు చిల్లును టైరుతో సరిచూస్తే ముల్లు ఎక్కడుందో తెలుస్తుంది. కంటికి కనబడకపోతే దూదిని టైరు లోపల గుండ్రంగా తిప్పండి, తీగ ఉన్నచోట పోగు చిక్కుకుంటుంది. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో మళ్లీ దిగుతారు.

సంచిలో రెండు ట్యూబులు, చేతి పంపు, రోడ్ బైకుల సన్న ప్రెస్టా వాల్వుకు తొడిగే ఇత్తడి అడాప్టరు ఉండాలి. అడాప్టరు గోరంతే ఉంటుంది గానీ, అది లేకుంటే రోడ్డు పక్క పంక్చర్ షాపులో కంప్రెసరు ఆడుతున్నా ఆ సన్న వాల్వులోకి గాలి ఎక్కదు.