ఈ మియాటాను అమ్మనివ్వనిది దాని గేర్ లివరే

మజ్దా ఎమ్‌ఎక్స్-5 మియాటా మొదటి తరం కారు, 1.6 లీటర్ల ఇంజిన్‌ది, ఏళ్ల తరబడి నడుపుతున్నాను. టాప్ తీసి తిరగడం, లేచి నిలబడే హెడ్‌లైట్లు, వెయ్యి కిలోల లోపు బరువు, ఇవన్నీ అందరికీ తెలిసినవే. నన్ను ఈ కారుకి కట్టిపడేసింది మాత్రం గేర్ లివర్. సెకండ్ నుంచి థర్డ్‌కి మార్చాలంటే మణికట్టు కదిలితే చాలు, మోచేయి కదపక్కర్లేదు. గేర్ పడిన క్షణం అరచేతికి తెలుస్తుంది. ఖరీదైన కార్లు కొన్ని నడిపాను గానీ ఈ సుఖం వాటిలో దొరకలేదు.

కారణం దాని కట్టుబడిలోనే ఉంది. ముందు చక్రాలతో నడిచే చాలా కార్లలో లివర్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య కేబుళ్లుంటాయి. ఇందులో లివర్ నేరుగా గేర్‌బాక్స్ మీదే కూర్చుంటుంది. దానికి తోడు గేర్‌బాక్స్ నుంచి వెనక డిఫరెన్షియల్ (వెనక చక్రాలకి బలం పంచే గేర్ల పెట్టె) దాకా పొడవాటి అల్యూమినియం దూలం ఒకటి బిగించి ఉంటుంది. ఎక్సలేటర్ గట్టిగా తొక్కినా, ఒక్కసారిగా వదిలేసినా ఆ రెండూ తలోవైపు ఊగవు. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించినప్పటి నుంచీ ఉన్న ఏర్పాటే ఇది.

అలాంటి లివర్ మొండికేసింది. ఒక్కరోజులో కాదు, మెల్లమెల్లగా. ముందు సెకండ్ పడటానికి కాస్త బలం పెట్టాల్సి వచ్చింది. తర్వాత ఏ గేర్ వేసినా ఇసుకలో కర్ర తిప్పినట్టే ఉండేది. లివర్ చుట్టూ ఉన్న తోలు తొడుగులోంచి వేడిగాలి వచ్చి కాలికి తగలడం, గేర్‌బాక్స్ రొద లోపలికి వినిపించడం కూడా అప్పుడే మొదలైంది. గ్యారేజీలో చూపిస్తే ఒక రౌండ్ నడిపి, సింక్రోలు (గేర్ పడేముందు లోపలి భాగాల వేగాన్ని కలిపే రింగులు) పోయాయి, గేర్‌బాక్స్ దించాల్సిందే అన్నారు. వేడిగాలి సంగతి అడిగితే పాత బండి కదా, మామూలేనన్నారు. లివర్ కింద ఏముందో కూడా విప్పి చూడకుండా మొత్తం గేర్‌బాక్స్‌కే ఎసరు పెట్టిన ఆ తీరు మీద నాకు ఇప్పటికీ కోపమే.

ఆ మాట నాకెందుకు మింగుడు పడలేదంటే, సింక్రో అరిగితే సాధారణంగా దానికి సంబంధించిన గేరే గీరుకుంటుంది, అదీ బండి నడుస్తున్నప్పుడు. నా బండిలో అన్ని గేర్లూ ఒకేలా బరువెక్కాయి. ఇంజిన్ ఆపేసి, బండి నిలిపి కదిపినా లివర్ అంతే బిగుసుగా ఉంది. తిరిగేది ఏదీ లేనప్పుడు సింక్రోకి పనేముంది?

సెంటర్ కన్సోల్ విప్పాను. పైనుండే పెద్ద రబ్బర్ బూట్, అంటే లివర్ చుట్టూ ఉండే రబ్బరు తొడుగు, నిలువునా చీలి ఉంది. వేడిగాలి దారి అదే. దాని కింద చిన్న బూట్ కూడా పగిలిపోయింది. మూడు బోల్టులు తీసి లివర్ పైకి లాగితే, కొసన గుండు మీద ఉండాల్సిన నైలాన్ కప్పులో సగం లివర్‌తో వచ్చింది, మిగతా సగం లోపలే ఉండిపోయింది. అడుగున జిగురు పట్టిన నల్లటి మడ్డి తప్ప ఆయిల్ అన్నది లేదు.

చాలామందికి తెలియనిది ఇక్కడే ఉంది. లివర్ కూర్చునే ఆ గిన్నెకి సొంత ఆయిల్ ఉంటుంది, సుమారు 90 మిల్లీలీటర్లు. గేర్‌బాక్స్ ఆయిల్ ఎన్నిసార్లు మార్చినా ఈ గిన్నెలోకి రాదు. చిన్న బూట్ పగిలితే ఇందులోది నెమ్మదిగా చిమ్మి, ఆరిపోతుంది. అన్నేళ్ల నాటి రబ్బరు పగలడంలో వింతేమీ లేదు. సిరంజితో మడ్డి లాగేసి, కప్పు ముక్కలు ఏరి, కొత్త కప్పు, రెండు బూట్లు వేసి, 75డబ్ల్యూ-90 జీఎల్-4 ఆయిల్ పోశాను. పనిలో పనిగా గేర్‌బాక్స్‌లోనూ అదే ఆయిల్ మార్చాను.

బిగించాక ఇంజిన్ స్టార్ట్ చేయకుండానే లివర్ అటూ ఇటూ కదిపి చూశాను. రెండు వేళ్లతో థర్డ్ పడింది. న్యూట్రల్‌లో పక్కకి నెట్టి వదిలేస్తే తనంతట తనే మధ్యకి వచ్చి నిలబడింది. ఈ కారుకి చేయించిన పనుల్లో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత తేడా చూపించింది మరొకటి లేదు.

ఇదంతా బండి వేడెక్కాక మాట. చలి ఉదయం బయల్దేరితే కొన్ని కిలోమీటర్ల దాకా సెకండ్ ఇప్పటికీ సణుగుతుంది. ఆయిల్ పలచబడే వరకు ఓపిగ్గా వెయ్యాలి.

ఇక అప్‌గ్రేడ్‌లు. లివర్ కదలికని తగ్గించే షార్ట్ షిఫ్టర్ జోలికి వెళ్లలేదు. కంపెనీ లివర్ కదలికే చిన్నది. ఇంకా తగ్గిస్తే బలం ఎక్కువ పెట్టాలి, వణుకు కూడా చేతికి ఎక్కువగా వస్తుంది. ముందు ఓనర్ వేయించిన పొట్టి స్ప్రింగులు తీసేసి బండిని మళ్లీ అసలు ఎత్తుకి తెచ్చాను. ఈ సస్పెన్షన్‌కి కిందికి కదిలే చోటు అసలే తక్కువ. ఎక్కువగా దించితే ప్రతి గుంతకీ బంప్ స్టాప్ (సస్పెన్షన్ చివరికి తగిలే రబ్బరు దిమ్మ) మీద కూలబడుతుంది. మంచి 185/60 ఆర్14 టైర్లు, నాలుగు చక్రాలకీ సరైన అలైన్‌మెంట్ చేయించాక స్టీరింగ్ ప్రాణం పోసుకుంది. ఈ కారులో వెనక చక్రాల కాంబర్ (చక్రం నిలువుకి ఎంత వాలి ఉందో), టో (ముందు అంచు లోపలికో బయటికో ఎంత తిరిగి ఉందో) కూడా సర్దుకోవచ్చు. ముందు చక్రాలు మాత్రమే చూసి పంపే చోట చేయించొద్దు.

పవర్ చాలదా అని అడుగుతుంటారు. ఒక్కణ్నే వంపుల దారిలో వెళ్తే చాలు. పక్కన మనిషి, వెనక సామాను, ఎదురుగా పొడవాటి ఎత్తు ఉంటే థర్డ్‌కి దిగాల్సిందే. టర్బో పెట్టించే ఆలోచన ఉన్నవాళ్లు మొదటే 1.8 లీటర్ల బండి చూసుకోవడం మేలు. 1.6 డిఫరెన్షియల్ చిన్నది, అంత బలానికి ఆగదు.

కొనేటప్పుడు ఇంజిన్ కన్నా ముందు తుప్పు చూడండి. సీట్ల వెనక మూలల్లో టాప్ నీళ్లు కిందికి పోయే రంధ్రాలుంటాయి. అవి మూసుకుపోతే నీళ్లు డోర్ కింది బాడీలోకి చేరి, వెనక చక్రానికి కాస్త ముందు లోపలి నుంచి తినేస్తాయి. ఓనర్ ఒప్పుకుంటే సీసాడు నీళ్లు పోసి చూడండి, కింద ధారగా కారాలి. ఇంజిన్ ఆపి ఉన్నా లివర్ బిగుసుగా ఉంటే మాత్రం వెంటనే వద్దనుకోకండి, పైన చెప్పిన బూట్లు, కప్పు పని కావచ్చు.

నేను ఉంచుకుంటాను. ఇంట్లో రోజువారీ పనులకు వేరే కారుంది, విప్పి బిగించడం నాకు ఇష్టం, వెనక సీటు అవసరం లేదు. ఈ మూడింటిలో ఏది తక్కువైనా నా లెక్క మారేదేమో. మనిషి బాగా పొడగరి అయితే టాప్ వేసి ఉండగా ఒకసారి కూర్చుని, క్లచ్ పూర్తిగా తొక్కి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు. మోకాలు స్టీరింగ్‌కి తగిలితే దానికి తేలిక మార్గం లేదు.