ఉద్యాన రంగంలోకి వెళ్లాలంటే ఏ చదువు మేలు: డిగ్రీయా, డిప్లొమానా, ఐటీఐనా, నర్సరీ పనేనా?

ముందు ఒక చిన్న లెక్క. మొక్కకు 100 గ్రాముల నత్రజని వేయమన్నారు, చేతిలో యూరియా ఉంది. ఎంత తూచాలి? యూరియాలో నత్రజని 46 శాతం కాబట్టి సుమారు 217 గ్రాములు. ఉద్యాన డిప్లొమా చదివే పిల్లవాడు కాగితం కలం లేకుండా ఇది చెప్పేయాలి. కడియపులంకలో ఏళ్ల తరబడి అంట్లు కడుతున్న మనిషిని అడిగితే చెప్పలేకపోవచ్చు. కానీ ఇద్దరికీ చెరొక కత్తి ఇచ్చి మామిడి అంట్లు కట్టమనండి. నెల తర్వాత చూస్తే అతను కట్టినవి చిగురిస్తాయి, పిల్లవాడివి సగం ఎండి ఉంటాయి.

ఈ రంగంలో చదువు ఎంచుకోవడం కష్టం కావడానికి కారణం ఇదే. కాగితం ఒకచోట దొరుకుతుంది, చేతిపని ఇంకోచోట దొరుకుతుంది. రెండూ సమంగా ఇచ్చే కోర్సు లేదు. అందుకే మీరు చేరాలనుకునే పనికి ఏ కాగితం అడుగుతారో ముందు తేల్చుకోండి. దానికి సరిపడేది చదివి, మిగతా కాలం నర్సరీలో పెట్టండి.

నాలుగేళ్ల డిగ్రీ, రెండేళ్ల డిప్లొమా

బీఎస్సీ ఆనర్స్ హార్టికల్చర్‌కు ఇంటర్‌లో బైపీసీ చదివి ఈఏపీసెట్ ర్యాంకు తెచ్చుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో తాడేపల్లిగూడెం దగ్గర వెంకట్రామన్నగూడెంలో డాక్టర్ వైఎస్సార్ ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. తెలంగాణలో శ్రీ కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం ములుగులో ఉంది. ఇది సిద్దిపేట జిల్లా ములుగు. మేడారం ఉన్న ములుగు అనుకుని బస్సెక్కేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. సీట్లలో రైతు బిడ్డల కోటా ఉంటుంది. దానికి తల్లిదండ్రుల పేరిట ఉన్న పొలం కాగితాలు, పల్లెలో చదివినట్టు స్టడీ సర్టిఫికెట్లు కావాలి. ర్యాంకు వచ్చాక వాటికోసం పరుగెత్తేకంటే ఇంటర్ రెండో ఏడాదిలోనే సిద్ధం చేసుకోవడం మేలు.

ఈ డిగ్రీ లేకుండా దొరకని ఉద్యోగాలు కొన్ని ఉన్నాయి. సర్వీస్ కమిషన్ ద్వారా తీసుకునే ఉద్యాన అధికారి పోస్టు, ఐబీపీఎస్ ద్వారా బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్ పోస్టు, ఎమ్మెస్సీ, ఆపైన పరిశోధన. వీటిలో ఏ ఒక్కటి మీ మనసులో ఉన్నా ఇక చర్చ అక్కర్లేదు, డిగ్రీయే చదవాలి.

ఇవేవీ వద్దనుకుంటే మాత్రం నాలుగేళ్లు ఎక్కువే. నేలలు, కీటకాలు, తెగుళ్లు, జన్యుశాస్త్రం, మార్కెటింగ్, గణాంకాలు అన్నీ చదివిస్తారు. దేనిలోనూ చేయి తిరిగేంత సమయం ఉండదు. చివరి ఏడాదిలో పల్లెల్లో రైతుల దగ్గర ఉండి పనిచేసే కార్యక్రమం, నర్సరీ నడపడం లాంటి అనుభవ పాఠం ఉంటాయి. అసలు పని నేర్చుకునేది అప్పుడే. పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని చాలామంది దాన్ని మొక్కుబడిగా ముగించేస్తారు.

డిప్లొమాకు పదో తరగతి చాలు, రెండేళ్లు. నూజివీడు, మడకశిర, రామచంద్రాపురం, తెలంగాణలో రామగిరిఖిల్లా లాంటి చోట్ల ఉద్యాన పాలిటెక్నిక్‌లు ఉన్నాయి. ఇంత తక్కువ కాలంలో ఇన్ని దారులు తెరిచే చదువు ఈ రంగంలో ఇంకొకటి లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గ్రామ ఉద్యాన సహాయకుల నియామకాలకు డిగ్రీతో పాటు ఈ డిప్లొమానూ అర్హతగా తీసుకున్నారు. పురుగుమందుల దుకాణం లైసెన్సుకు చాలా సైన్సు డిగ్రీలు పనికొస్తాయి, డిగ్రీ లేనివాళ్లకు వ్యవసాయం లేదా ఉద్యానంలో కనీసం ఏడాది డిప్లొమా ఉండాలి. మీది రెండేళ్లది కాబట్టి సరిపోతుంది. పైచదువు కావాలంటే డిప్లొమా వాళ్లకు పెట్టే హార్టిసెట్ ప్రవేశ పరీక్ష రాసి డిగ్రీలో చేరవచ్చు. అయితే ఆ దారిలో సీట్లు కొద్దిగానే ఉంటాయి. డిప్లొమాలో మార్కులు తగ్గినా పర్లేదు, హార్టిసెట్ ఉందిగా అనుకుంటే దెబ్బతింటారు.

దీనికీ ఒక లోటు ఉంది. ఇది ఇంటర్ బైపీసీకి సమానం కాదు. రెండేళ్లు పోయాక ఫార్మసీయో నర్సింగో చేద్దామనిపిస్తే మళ్లీ మొదటికి రావాల్సిందే. పదిహేనేళ్ల వయసులో ఉద్యానమే చేస్తానని గట్టిగా అనుకోని పిల్లల్ని ఇందులో చేర్పించకండి.

పేరు ఒకటే, విలువ వేరు

డబ్బు, కాలం రెండూ పోయేది ఎక్కువగా ఇక్కడే. మామూలు డిగ్రీ కళాశాలల్లో వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రాలతో పాటు హార్టికల్చర్‌ను ఒక సబ్జెక్టుగా చెబుతారు. మెమోలో ఆ మాట ఉంటుంది కానీ అది వృత్తి విద్యా డిగ్రీ కాదు. ఇక కొన్ని ప్రైవేటు విశ్వవిద్యాలయాలు నాలుగేళ్ల కోర్సే నడుపుతాయి, కానీ వాటికి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) గుర్తింపు ఉండదు. అక్కడ చదివినవాళ్లకు పీజీ ప్రవేశాల దగ్గర, ప్రభుత్వ నోటిఫికేషన్ల దగ్గర అడ్డంకి వస్తుంది. ఫీజు కట్టకముందే ఐసీఏఆర్ జాబితాలో విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే చూసి ఊరుకోకుండా, మీరు చేరే కళాశాల, మీరు చేరే కోర్సు కూడా ఉన్నాయో లేదో చూడండి. గుర్తింపుకు కాలపరిమితి ఉంటుంది, ఆ తేదీ కూడా చూడాలి. "త్వరలో వచ్చేస్తుంది" అని అడ్మిషన్ కౌంటర్‌లో చెప్పే మాటను లెక్కలోకి తీసుకోకండి.

డిగ్రీలో ఐసీఏఆర్ ఆరో డీన్స్ కమిటీ పాఠ్యక్రమం ప్రకారం మధ్యలో ఆగినా కాగితం ఇస్తారు: ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా. దాన్ని పాలిటెక్నిక్ డిప్లొమాతో కలిపి చూడకండి, రెండూ వేరు వేరు.

ఐటీఐ, స్వల్పకాల శిక్షణ

ఐటీఐలో హార్టికల్చర్, ఫ్లోరికల్చర్ అండ్ ల్యాండ్‌స్కేపింగ్ అనే ట్రేడులు ఉన్నాయి, ఒక్కోటి ఏడాది. అన్ని ఐటీఐల్లో ఉండవు, వెతుక్కోవాలి. గేటెడ్ కమ్యూనిటీలు, హోటళ్లు, ఐటీ క్యాంపస్‌లలో తోట సూపర్‌వైజర్‌గా చేరాలనుకునేవాళ్లకు ఇది బాగా సరిపోతుంది. పచ్చిక పరచడం, కంచె మొక్కలు కత్తిరించడం, స్ప్రింక్లర్ల నిర్వహణ లాంటివి డిగ్రీ పిల్లలకంటే వీళ్లకే బాగా వస్తాయి. ఉద్యాన శాఖ ఉద్యోగాలకు మాత్రం దీనితో ఆశ పెట్టుకోకూడదు.

నైపుణ్య మండలి ఇచ్చే గార్డెనర్ సర్టిఫికెట్ లాంటివి కొన్ని వారాల్లో అయిపోతాయి. పని రానివాడు వాటితో పనిమంతుడైపోడు. పదేళ్లుగా మాలి పని చేస్తూ ఏ కాగితమూ లేనివాడికి మాత్రం నిజంగా అక్కరకొస్తాయి. ముందస్తు నైపుణ్యానికి గుర్తింపు పద్ధతిలో పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తారు. ఏజెన్సీల ద్వారా పనిలో చేరేటప్పుడు అది జీతం తేడా తెస్తుంది. మిద్దెతోట శిక్షణల సర్టిఫికెట్లు ఇంటి తోటకు చాలు, ఉపాధికి చాలవు.

కాగితం లేని బడి

కడియం మండలంలోని నర్సరీల్లో ఆరు నెలలు కూలికి పనిచేస్తే వచ్చేది ఏ తరగతి గదిలోనూ రాదు. మామిడి అంటునే తీసుకోండి. మంచి చెట్టు నుంచి తెచ్చి అతికించే కొమ్మ వయసు మూడు నాలుగు నెలలుండాలి, చివరి మొగ్గ ఉబ్బి ఉండాలి. కోయడానికి వారం పది రోజుల ముందే తొడిమలు వదిలి ఆకులు కత్తిరించేయాలి. అప్పుడే మొగ్గలోకి సత్తువ దిగుతుంది. కింద వేళ్లతో ఉండే మొక్క, అంటే వేరు మొక్క, తల తీసి నిలువునా 4 సెంటీమీటర్లు చీల్చి, కొమ్మ అడుగును ఉలిలా చెక్కి దింపి, పాలిథిన్ పట్టీతో బిగించాలి. ఇంతవరకూ పుస్తకంలోనూ ఉంటుంది.

చెడేది ఎక్కడో పుస్తకం అంత వివరంగా చెప్పదు. కత్తి మొద్దుబారితే కోత గరుకుగా వచ్చి రెండు ముఖాలూ అతుక్కోవు. కొమ్మ సన్నగా, వేరు మొక్క లావుగా ఉన్నప్పుడు కొత్తవాళ్లు కొమ్మను సరిగ్గా మధ్యలో పెడతారు. అప్పుడు బెరడు కింది పచ్చి పొర ఏ పక్కా కలవదు, అంటు చచ్చిపోతుంది. ఒక అంచుకు జరిపి కనీసం ఆ పక్కనైనా కలపాలి. చీలికలో నీరు దిగితే కుళ్లుతుంది. అంటు కింద వేరు మొక్క నుంచి వచ్చే పిలకల్ని గిల్లకపోతే పైకొమ్మకు ఆహారం అందదు. పట్టీ తీయడం మరిచిపోతే అక్కడ నొక్కుకుపోయి, తోటలో నాటాక మొదటి గాలికే విరుగుతుంది. ఇవన్నీ వందల మొక్కలు పాడుచేసుకుంటే గానీ చేతికి రావు. అన్ని మొక్కలు పాడుచేయనిచ్చే కళాశాల ఉండదు.

అయితే ఈ దారిలో నడిచినవాళ్లు ఎక్కడ ఆగిపోతారో కూడా తెలుసుకోవాలి. నర్సరీ పెట్టుకోవడానికి డిగ్రీ అక్కర్లేదు, 2010 నాటి నర్సరీల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉంటే సరిపోతుంది. దానికి తల్లిచెట్లు ఎక్కడివి, వేరు మొక్కలు ఏవి, ఏ రోజు ఎన్ని కట్టారు, ఎవరికి అమ్మారు అన్న రికార్డులు కావాలి. పని వచ్చి రాత అలవాటు లేనివాళ్లు తడబడేది ఇక్కడే. ఆకు మీద మచ్చ బూజు వల్లనా, బోరాన్ లోపం వల్లనా అని తేల్చాల్సి వచ్చినప్పుడూ అంతే. పక్క నర్సరీవాడు కొట్టిన మందే కొట్టి డబ్బు పోగొట్టుకుంటారు.

సొంతంగా పెట్టుకోవాలంటే

డిప్లొమాకు, డిగ్రీకి ఉన్న మరో లాభం, వ్యవసాయ సేవల వ్యాపారం పెట్టుకునేవాళ్లకు కేంద్రం నడిపే అగ్రి క్లినిక్ పథకం. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని జాతీయ వ్యవసాయ విస్తరణ సంస్థ మేనేజ్ ఆధ్వర్యంలో 45 రోజుల ఉచిత శిక్షణ ఇస్తారు. ఆ తర్వాత ఒక్కరికి 20 లక్షల దాకా ప్రాజెక్టు మీద 36 శాతం, మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు 44 శాతం సబ్సిడీ ఉంటుంది. ఈ సబ్సిడీ ముందుగా చేతికి రాదు, బ్యాంకు రుణం ఇచ్చాక ఆ ఖాతాలో జమవుతుంది. అంటే మొదట బ్యాంకును ఒప్పించాలి. ఇప్పటికే ఎరువులు, మందుల వ్యాపారంలో ఉన్నవాళ్లకు మేనేజ్ వారిదే, డీలర్ల కోసం పెట్టిన దేశీ (DAESI) డిప్లొమా నయం. 48 వారాలు, వారానికి ఒక్కరోజే, కాబట్టి దుకాణం మూసుకోనక్కర్లేదు.

ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టుల్లో కథ మారుతుంది. అక్కడ మొదట అడిగేది ఇంతకుముందు చేసిన పనుల అనుభవ పత్రాలు, జీఎస్టీ నమోదు. మీ డిగ్రీ గురించి అడిగేవాళ్లు తక్కువ. ఐటీఐ చదివి మూడేళ్లు ఒక కాంట్రాక్టర్ దగ్గర పనిచేసినవాడు ఈ విషయంలో కొత్త డిగ్రీ కుర్రాడికంటే ముందుంటాడు.

పల్లెలో పదో తరగతి పాసై, మొక్కలంటే ఇష్టం ఉన్న పిల్లలకు డిప్లొమా, రెండు వేసవి సెలవుల్లోనూ నర్సరీ పని మేలు. బైపీసీలో మంచి మార్కులు తెచ్చుకుని ఉద్యోగ పరీక్షలకు ఓపిక ఉన్నవాళ్లకు డిగ్రీ. ఇరవై అయిదు దాటి, ఇల్లు గడవాల్సినవాళ్లకు నర్సరీలో జీతం, తర్వాత నైపుణ్య సర్టిఫికెట్.

ఏ కళాశాలలో చేరబోతున్నా జులైలోనో ఆగస్టులోనో ఒకసారి వెళ్లి నర్సరీ బెడ్లు చూడండి. అంట్లు కట్టే కాలం కాబట్టి పిల్లల చేతుల్లో కత్తులు ఉండాలి. పాలీహౌస్‌కు తాళం వేసి ఉందేమో, డ్రిప్ పైపుల్లో నీరు వస్తోందో లేదో గమనించండి. సీనియర్లను పక్కకు పిలిచి నిరుడు ఒక్కొక్కరు ఎన్ని అంట్లు కట్టారో, వాటిలో ఎన్ని బతికాయో అడగండి.