గొంతు రికార్డింగ్‌కి 1176, ఎల్‌ఏ-2ఏ: పెట్టె కొనాలా, ప్లగిన్ చాలా?

నా పనంతా గొంతులతోనే. ఆడియో పుస్తకాలు చదివేవాళ్లనీ, పాటలు పాడేవాళ్లనీ, డబ్బింగ్ చెప్పేవాళ్లనీ రికార్డ్ చేస్తాను, తర్వాత మిక్స్ కూడా నేనే చేస్తాను. గొంతు హెచ్చుతగ్గుల్ని అణిచి సమం చేసే కంప్రెసర్‌ని హార్డ్‌వేర్ పెట్టెగా కొనాలా, కంప్యూటర్‌లో నడిచే ప్లగిన్‌తో సరిపెట్టుకోవచ్చా అని నన్ను తరచుగా అడుగుతుంటారు. రెండూ రోజూ వాడుతున్నదాన్ని కాబట్టి తీర్పు ముందే చెప్పేస్తాను. మిక్సింగ్ కోసమే అయితే హార్డ్‌వేర్ కొనకండి. మైకు ముందు మనిషిని నిలబెట్టి రికార్డ్ చేసే పని మీదైతే మాత్రం ఒక్క మంచి చానెల్ (ఒక మైకుకి సరిపడే కంప్రెసర్) కొనండి, దాని విలువ మొదటి టేక్‌లోనే తెలుస్తుంది. అందరూ చెప్పే ఆ "అనలాగ్ వెచ్చదనం" కోసం అయితే నేను కొననిచ్చేదాన్ని కాదు. కారణం వేరే ఉంది, దాని దగ్గరకి వస్తాను.

నేను పక్కపక్కన పెట్టి విన్నవి ఇవి. హార్డ్‌వేర్‌లో యూనివర్సల్ ఆడియో తయారుచేస్తున్న 1176ఎల్‌ఎన్, ఎల్‌ఏ-2ఏ. ప్లగిన్లలో ఆ రెండింటికీ అదే కంపెనీ చేసిన వెర్షన్లు, వేవ్స్ వాళ్ల సీఎల్‌ఏ-76, సీఎల్‌ఏ-2ఏ. వీటితోపాటు ఉచితంగా దొరికే అనలాగ్ అబ్సెషన్ ప్లగిన్లు ఫెటిష్, లాలా కూడా.

ఈ రెండు పెట్టెల స్వభావం తెలియకపోతే పోలిక అర్థం కాదు. 1176ని బిల్ పట్నం తయారుచేశాడు, 1967లో బయటికి వచ్చింది. ట్యూబుల బదులు ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్‌తో ధ్వనిని అణిచే పద్ధతి అందులో ఉంది. ఎంత స్థాయి దాటాక అణచాలో చెప్పే థ్రెషోల్డ్ నాబ్ ఉండదు. ఇన్‌పుట్ పెంచేకొద్దీ కంప్రెషన్ పెరుగుతుంది, ఔట్‌పుట్ నాబ్‌తో స్థాయి సరిచేసుకోవాలి. అటాక్, అంటే ధ్వనిని పట్టి అణచడానికి పట్టే సమయం, 20 మైక్రోసెకన్ల నుంచి 800 మైక్రోసెకన్ల దాకా. అంటే బాగా నిదానంగా పెట్టినా ఒక మిల్లీసెకను లోపే పట్టేస్తుంది. రిలీజ్, అంటే తిరిగి వదలడానికి పట్టే సమయం, 50 మిల్లీసెకన్ల నుంచి 1.1 సెకన్ల వరకు. ఈ రెండు నాబ్‌ల మీదా అంకెలు తిరగేసి ఉంటాయి, 7 దగ్గర వేగం, 1 దగ్గర నిదానం. ప్లగిన్లు కూడా ఈ తిరకాసుని అలాగే ఉంచేశాయి. కాబట్టి మొదటిసారి వాడేవాళ్లు అంకెల్ని నమ్మకుండా మీటర్ ముల్లు ఎలా కదులుతోందో చూడాలి.

ఎల్‌ఏ-2ఏ దీనికి పూర్తిగా వేరే జాతి. టెలిట్రానిక్స్‌లో జిమ్ లారెన్స్ రూపొందించిన ట్యూబ్ కంప్రెసర్ అది. నాబ్‌లు రెండే: గెయిన్ (ఎంత పెంచాలి), పీక్ రిడక్షన్ (ఎంత అణచాలి). లోపల టీ4 అనే చిన్న సెల్ ఉంటుంది. ధ్వని పెరిగితే అందులో ఒక పలక వెలుగుతుంది, ఆ వెలుగు పడ్డ ఫొటో రెసిస్టర్ సిగ్నల్‌ని తగ్గిస్తుంది. అటాక్ సగటున 10 మిల్లీసెకన్లు. వదలడం మాత్రం రెండు అంచెల్లో జరుగుతుంది: మొదటి సగం 60 మిల్లీసెకన్లలో, మిగతాది అర సెకను నుంచి 5 సెకన్ల దాకా. ఎంత గట్టి వెలుగు, ఎంతసేపు చూసిందన్నదాన్ని బట్టి ఆ రెండో సగం సాగుతుంది. ఎండలోంచి చీకటి గదిలోకి వచ్చినప్పుడు కళ్లు కుదురుకోవడానికి పట్టే సమయం లాంటిదే ఇది. గొంతు మీద ఇంత మెత్తగా పనిచేయడానికి కారణం ఆ సెల్లే.

ఇక పోల్చిన తీరు. మైకు సిగ్నల్‌ని పెంచే ప్రీఆంప్ నుంచి వచ్చే సిగ్నల్‌ని రెండుగా చీల్చి, ఒకదాన్ని నేరుగా ఒక ట్రాక్‌లోకి, రెండోదాన్ని హార్డ్‌వేర్ మీదుగా ఇంకో ట్రాక్‌లోకి పంపాను. తర్వాత నేరుగా వచ్చిన ట్రాక్ మీద ప్లగిన్ వేసి, అదే వాక్యం మీద రెండు మీటర్లూ ఒకే చోటికి వచ్చేలా నాబ్‌లు తిప్పాను. ప్లగిన్‌లో నాబ్ ఏ అంకె మీద ఉందో పట్టించుకోవద్దు, రెండు చోట్లా ఒకే అంకె పెడితే ఒకే ఫలితం రాదు. చివరికి శబ్ద స్థాయి సమానం చేశాను. ఇది చాలా ముఖ్యం. ఒక డీబీ (డెసిబెల్) ఎక్కువ వినిపించినా చెవి దాన్నే "బాగుంది" అంటుంది. హార్డ్‌వేర్ గొప్పదని రుజువు చేసే చాలా పోలికల్లో ఈ ఒక్క పనే చేయరు. ఏది ఏదో కనపడకుండా పక్కవాళ్లతో మార్పించుకుని విన్నాను.

ఎల్‌ఏ-2ఏ మీద 3, 4 డీబీల తగ్గింపు ఉన్నంతవరకు యూనివర్సల్ ఆడియో ప్లగిన్‌కీ పెట్టెకీ తేడా నేను పట్టుకోలేకపోయాను. పక్కన కూర్చున్న ఎడిటర్ కూడా పట్టుకోలేదు. వేవ్స్ వెర్షన్ కాస్త ముందుకొచ్చినట్టు వినిపిస్తుంది, గొంతు మధ్య భాగం కొంచెం గట్టిగా ఉంటుంది. కథనం కంటే పాటలకి నేను దాన్నే ఎక్కువగా ఇష్టపడతాను. లాలా ఉచితంగా దొరుకుతోందంటే నమ్మబుద్ధి కాదు, నిదానమైన కథనానికి అది హాయిగా సరిపోతుంది. తగ్గింపు 10 డీబీ దాటాక మాత్రం తేడా బయటపడుతుంది. ఒక నాటకంలో పాత్ర అరిచి, వెంటనే గొంతు తగ్గించి గొణిగే చోటు ఉంది. హార్డ్‌వేర్‌లో ఆ గొణుగుడు మెల్లగా పైకి తేలింది, మొదటి రెండు మాటలు నీడలో ఉండి మూడో మాట నుంచి స్పష్టమైంది. ప్లగిన్లలో ఆ తేలడం కాస్త ముందే అయిపోయింది. అయితే ఒక పెట్టెలోని టీ4 ఇంకో పెట్టెలోని టీ4 లాగా ఉండదు. ప్లగిన్ చేసినవాళ్లు కొలిచిన పెట్టె వేరు, నా దగ్గరున్నది వేరు. రెండు హార్డ్‌వేర్ ఎల్‌ఏ-2ఏల మధ్య కూడా ఇంత తేడా రావచ్చు కాబట్టి దీన్ని ప్లగిన్ లోపంగా లెక్కవేయను.

1176 విషయంలో తేడా ఇంకోచోట ఉంది. అటాక్, రిలీజ్ రెండూ 7 మీద పెట్టి, ఎంత గట్టిగా అణచాలో ఎంచుకునే నాలుగు రేషియో బటన్లూ ఒకేసారి నొక్కేస్తే పెట్టె గొంతుని నలిపి, గరుకుగా మార్చి, గదిలోని ప్రతి శ్వాసనీ ముందుకు లాక్కొస్తుంది. ఇంత వేగంగా కంప్రెస్ చేసినప్పుడు హార్మోనిక్స్, అంటే అసలు ధ్వనిలో లేని పై ఫ్రీక్వెన్సీలు, కొత్తగా పుడతాయి. 48 కిలోహెర్ట్జ్ సెషన్‌లో (సెకనుకి 48,000 శాంపిళ్లు) అందులో సగమైన 24 కిలోహెర్ట్జ్‌కి పైన పుట్టినవాటికి చోటు లేదు, అవి మడతపడి కిందికి వచ్చి వినపడతాయి. "స", "ష" అక్షరాల దగ్గర ఇసుక రాలినట్టు ఒక పొర వినిపిస్తే అది అదే. ఓవర్‌శాంప్లింగ్ (లోపల ఇంకా ఎక్కువ శాంపిళ్లతో లెక్కవేయడం) ఉన్న ప్లగిన్‌లో దాన్ని ఆన్ చేస్తే చాలావరకు పోతుంది, ప్రాసెసర్ మీద బరువు మాత్రం పెరుగుతుంది. హార్డ్‌వేర్‌లో ఈ సమస్యే లేదు. 4 రేషియో, అటాక్ 3, రిలీజ్ 6 లాంటి మామూలు సెట్టింగుల్లో మాత్రం ప్లగిన్ వాడానని చెప్పకపోతే ఎవరూ కనుక్కోలేరు.

కాబట్టి ధ్వని విషయంలో ప్లగిన్లు పాసైపోయాయి. మరి హార్డ్‌వేర్ ఎందుకంటే, పాడేవాళ్ల చెవి కోసం.

పాడుతున్న మనిషి తన గొంతుని రెండు దారుల్లో వింటుంది. ఒకటి తల ఎముకల గుండా, రెండోది హెడ్‌ఫోన్లలో. ప్లగిన్ మీదుగా వినిపించాలంటే సిగ్నల్ కంప్యూటర్‌లోకి వెళ్లి తిరిగి రావాలి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ల బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి పోగుచేసే ముక్క) అంటే ఒకవైపుకి 2.7 మిల్లీసెకన్లు. రానూపోనూ కలిపి, ధ్వనిని అంకెలుగా, మళ్లీ ధ్వనిగా మార్చే కన్వర్టర్ల సమయం కూడా వేస్తే 6 మిల్లీసెకన్లు సులువుగా దాటుతుంది. ఇంత చిన్న ఆలస్యం ప్రతిధ్వనిలాగా వినపడదు. రెండు దారుల్లో వచ్చిన గొంతు ఒకదాన్నొకటి కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర కొట్టేసుకుని బోలుగా, సన్నగా అయిపోతుంది. పాడేవాళ్లు "నా గొంతు నాది కానట్టుంది" అంటారు, కారణం మాత్రం చెప్పలేరు. చెవిలోంచి ఒకవైపు హెడ్‌ఫోన్ తీసేస్తుంటే నాకు అర్థమైపోతుంది.

బఫర్ 32కి తగ్గించవచ్చు, అప్పటికే నలభై ట్రాకులున్న సెషన్ దాన్ని మోయలేదు. కంప్రెషన్ లేకుండా ఇంటర్‌ఫేస్ (మైకుని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) నుంచి నేరుగా వినిపించవచ్చు, అప్పుడు గుసగుసలాడే గొంతు వాద్యాల కింద మునిగిపోతుంది. హార్డ్‌వేర్ మీదుగా వచ్చిన సిగ్నల్‌ని ఇంటర్‌ఫేస్ నుంచి నేరుగా వినిపిస్తే గొంతుకి కంప్రెషనూ ఉంటుంది, పట్టించుకోదగ్గ ఆలస్యమూ ఉండదు. ఒక గాయని చరణం మొదట్లో దాదాపు ఊపిరితోనే పాడే చోట, మాట వినపడటంలేదేమోనని ప్రతిసారీ గొంతు పెంచేస్తుండేది. ఎల్‌ఏ-2ఏని దారిలో పెట్టి 3 డీబీ తగ్గింపుతో వినిపించగానే మైకుకి దగ్గరగా వచ్చి, పెదాల చప్పుడు కూడా వినపడేంత నెమ్మదిగా పాడింది. ఆ టేక్‌ని ఏ ప్లగిన్‌తోనూ తర్వాత తయారుచేయలేం. పాడకపోయిన పాటని మిక్స్‌లో పుట్టించలేం కదా.

దీనికి హద్దుంది. హెడ్‌ఫోన్లలో 8, 10 డీబీలు నొక్కేస్తే పాడేవాళ్లు ఎంత గట్టిగా పాడినా స్థాయి పెరగదు, అందుకని ఇంకా గట్టిగా పాడి గొంతు అలిసిపోతుంది. ముల్లు 3 దగ్గర ఆడాలి, ఒక్కో పెద్ద స్వరానికి 5 ముట్టుకోవాలి. అంతే. రికార్డింగ్‌లో వేసిన కంప్రెషన్ వెనక్కి తీయలేం కాబట్టి ఈ మితం రెండు విధాలా మంచిది. స్థాయి మించి ధ్వని తెగిపోయే క్లిప్పింగ్ భయంతో కంప్రెసర్ వేయాల్సిన అవసరం ఇప్పుడు లేదు, 24 బిట్‌లో శిఖరాలు మైనస్ 10 డీబీఎఫ్‌ఎస్ (డిజిటల్ గరిష్ఠానికి 10 డీబీ కింద) దగ్గర ఉంచినా నష్టమేమీ ఉండదు.

మధ్యేమార్గం ఒకటుంది. యూనివర్సల్ ఆడియో అపోలో లాంటి ఇంటర్‌ఫేస్‌లో ప్లగిన్ కంప్యూటర్‌లో కాకుండా పెట్టెలోని చిప్ మీదే నడుస్తుంది, ఆలస్యం బాగా తక్కువ. ఇంటర్‌ఫేస్ ఎలాగూ మార్చాలనుకుంటున్నవాళ్లు ముందు ఇదే చూడాలి.

మిక్స్‌లోకి వచ్చాక నేను పెట్టెల వైపు చూడను. రచయిత ఒక అధ్యాయంలో రెండు పేరాలు మార్చి నెలల తర్వాత పంపిస్తే, సెషన్ తెరవగానే ప్లగిన్లు వదిలేసిన చోటే ఉంటాయి. 1176 నాబ్‌కి మెట్లు ఉండవు. ఫొటో తీసి పెట్టుకున్నా, వెంట్రుకవాసి తేడాతో కొత్త పేరా పాత పేరా పక్కన అతకదు. ఒక్క పెట్టె ఒక్క ట్రాక్‌కే, ప్లగిన్ ఎన్నింటికైనా. పైగా పెట్టెని మిక్స్‌లో వాడాలంటే సిగ్నల్‌ని బయటికి పంపి మళ్లీ లోపలికి తేవాలి, పది గంటల పుస్తకం అయితే పది గంటలూ నడవాలి. ట్యూబ్ పెట్టెలో గెయిన్ పెంచినప్పుడు హిస్ (సన్నటి బుస) కూడా లేస్తుంది, వాక్యాల మధ్య మౌనం ఎక్కువుండే కథనంలో అది చెవికి తగులుతుంది. సీఎల్‌ఏ ప్లగిన్లలో కరెంటు హమ్‌ని కూడా అనుకరించారు. అది అవసరం లేదు, ఆ స్విచ్చి ఆఫ్ చేసేయండి.

ప్లగిన్ వాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. అనలాగ్‌ని అనుకరించేవాటిలో చాలావరకు సగటు స్థాయి మైనస్ 18 డీబీఎఫ్‌ఎస్ దగ్గర ఉంటుందని అనుకుని తయారైనవే. ట్రాక్ అంతకంటే బాగా గట్టిగా ఉంటే 1176 ప్లగిన్ ఇన్‌పుట్ నాబ్ ముట్టుకోకముందే నొక్కడం మొదలెడుతుంది. ముందు క్లిప్ గెయిన్ (ప్లగిన్‌కి చేరకముందు ట్రాక్ స్థాయి) సరిచేయండి.

ఆయుష్షు విషయంలో పోటీ సమానం కాదు. ట్యూబులు అరుగుతాయి, నాబ్‌లు గరగరమంటాయి, టీ4 మందగిస్తుంది, కానీ ఇవన్నీ మార్చుకోవచ్చు. ప్లగిన్‌కి మరమ్మతు అంటూ లేదు. 2013లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ప్రో టూల్స్ 11 వచ్చినప్పుడు పాత ఆర్‌టీఏఎస్, టీడీఎం రకాల ప్లగిన్లు అందులో పనిచేయడం ఆగిపోయింది. 2019లో మ్యాక్‌ఓఎస్ కేటలీనా 32 బిట్ సాఫ్ట్‌వేర్‌ని మొత్తంగా వదిలేసింది. అందుకే పూర్తయిన ప్రతి ప్రాజెక్టులోనూ కంప్రెస్ చేసిన ట్రాకుని విడిగా ఆడియో ఫైలుగా తీసి దాచిపెడతాను. ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్‌ని ప్రాజెక్టు మధ్యలో ముట్టుకోను.

కొనేవాళ్లకి. చేతిలో మైకు, ఇంటర్‌ఫేస్ మాత్రమే ఉంటే ఉచిత ప్లగిన్లతో మొదలుపెట్టి, డబ్బు గది శబ్దం సరిచేయడానికి ఖర్చుపెట్టండి. మనుషుల్ని తరచుగా రికార్డ్ చేస్తూ, లేటెన్సీతో, అంటే హెడ్‌ఫోన్లలోని ఆ ఆలస్యంతో, ఇబ్బంది పడుతుంటే ఎల్‌ఏ-2ఏ లాగా వెలుగుతో పనిచేసే ఒక్క చానెల్ ఆప్టికల్ కంప్రెసర్ తీసుకోండి. గొంతుకి 1176 కంటే ముందు అదే, ఎందుకంటే రికార్డింగ్‌లో తప్పు చేసే అవకాశం తక్కువ. అసలు ఎల్‌ఏ-2ఏ అందుబాటులో లేకపోతే వార్మ్ ఆడియో డబ్ల్యూఏ-2ఏ అదే దారిలో చేసినది. పాతది కొంటుంటే ముందు బాగా వేడెక్కనివ్వండి. సిగ్నల్ లేనప్పుడు ముల్లు సున్నా మీద నిలబడుతోందా, నాబ్ తిప్పితే గరగర ఉందా చూడండి. తర్వాత ఒక అరుపు పంపి వెంటనే ఆపి, ముల్లు తిరిగి వచ్చే తీరు గమనించండి. మొదట చురుగ్గా లేచి, ఆ తర్వాత నిదానంగా సున్నాకి చేరాలి. ఒకే వేగంతో వచ్చేసినా, మధ్యలో ఆగిపోయినా, టీ4 మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.