కొత్తపేట డ్రైవింగ్ స్కూల్: నేర్పే సార్ మంచివారు, గంటల లెక్క మాత్రం అడగాలి

మా పాపకు 18 నిండి లెర్నింగ్ లైసెన్స్ రాగానే హైదరాబాద్ కొత్తపేటలో ఇంటికి దగ్గరున్న డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాం. పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే లోటు ఆ ఒక్క స్కూల్‌దే కాదు.

నేర్పిన సార్‌కు ఓపిక ఎక్కువ. మొదటి రోజు బండి కదలనివ్వలేదు. సీటు సర్దుకోవడం, అద్దాలు తిప్పుకోవడం, క్లచ్ ఎక్కడ పట్టుకుంటుందో కాలికి తెలియడం, అంతే. తర్వాత ఎల్బీనగర్ వైపు తీసుకెళ్లారు. ఒక మలుపులో రాంగ్ రూట్లో బైక్ ఎదురొచ్చింది. పాప బిగుసుకుపోయింది. సార్ తన వైపున్న రెండో బ్రేక్ నొక్కి ఆపారు. అరవలేదు. "భయపడకు బిడ్డా, మలుపు కాడ ఎవడో ఒకడు ఇట్లనే వస్తడు అనుకునే తిప్పాలె" అన్నారు. వెనక సీట్లో ఉన్న నాకు గుండె ఆగినంత పనైంది. సొంత కారులో నేర్పితే ఆ రెండో బ్రేక్ ఎక్కడిది?

ఇక లోటు. అరగంట క్లాస్ అంటారు గానీ, దారిలో ఇంకో పిల్లాడిని ఎక్కించుకోవడం, మరొకరిని దింపడం అందులోనే. థియరీ ఊసే లేదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989 ప్రకారం కారు నేర్పే స్కూల్ కనీసం 21 రోజులు, అందులో కనీసం 10 గంటలు స్టీరింగ్ పట్టించాలి. ఆ మాట గట్టిగా అడిగాకే అదనపు క్లాసులు, ట్రాఫిక్ గుర్తుల పాఠం వచ్చాయి. రాత్రి డ్రైవింగ్, వానలో డ్రైవింగ్ మాత్రం నేర్పనే లేదు.

నాగోల్ ట్రాక్ మీద టెస్ట్ పాసయింది. ఎత్తు మీద ఆపి, వెనక్కి జారకుండా కదిలించడం బాగా ప్రాక్టీస్ చేయించారు కాబట్టి టెన్షన్ పడలేదు.

సొంత కారు లైసెన్స్‌కు స్కూల్ సర్టిఫికెట్ తప్పనిసరి కాదు. కొత్తగా నేర్చుకునే పిల్లలకైనా తప్పనిసరి చేయాలని నా గట్టి అభిప్రాయం. 16 ఏళ్లకు చట్టం ఒప్పుకునేది గేర్ లేని 50 సీసీ బండినే, అదీ తల్లిదండ్రుల అనుమతితో. మా గల్లీలో ఆ వయసు పిల్లలు నడిపేవన్నీ 110 సీసీ స్కూటర్లు. మైనర్ పట్టుబడితే మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ ప్రకారం తల్లిదండ్రులకు 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు అని ఎంతమందికి తెలుసు?

మా చిన్నోడికి 18 నిండగానే మళ్లీ ఆ సార్ దగ్గరికే పంపిస్తాను. ఫీజు కట్టే ముందే గంటలు, థియరీ క్లాసులు రసీదు మీద రాయించుకుంటాను.