పొందూరుకి ఐదు స్టార్లు, ఫ్రీ టైమ్‌కి రెండు

మా బావ పుణెలో ఉంటాడు. వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి చెప్పి మమ్మల్ని ఊరించడం ఆయనకి అలవాటు. ఈసారి నాసిక్ వైనరీ ట్రిప్. పొద్దున్నే కారు ఇంటి ముందుకే వస్తుందట, ద్రాక్షతోటలు చూపిస్తారట, పీపాలు పేర్చిన చల్లటి గదుల్లో తిప్పుతారట, గ్లాసులో రెండు గుక్కలు పోసి వాసన చూసి మరీ తాగమంటారట, మధ్యాహ్నం పంచవటి దగ్గర దింపేసి సాయంత్రం దాకా మీ ఇష్టం అంటారట. మా అమ్మ అంతా విని, "గోదారమ్మ పుట్టిన చోటికి వెళ్ళి తాగొచ్చారా అల్లుడుగారూ" అంది. బావ నవ్వేశాడు గానీ, ఆ తర్వాత "మీ వైపు ఇలాంటివేం ఉండవులే" అన్నాడు చూడండి, అక్కడ తగిలింది నాకు.

ఉండవు, నిజమే. మా విజయనగరంలో గానీ పక్కన శ్రీకాకుళంలో గానీ వైన్ చేసేవాళ్ళు ఎవరున్నారు? కానీ ఫోన్‌లో వెతుకుతుంటే అచ్చం అదే పద్ధతిలో ఒక ప్యాకేజీ కనిపించింది: పొద్దున పొందూరు ఖాదీ తయారీ చూడటం, మధ్యాహ్నం "చారిత్రక పట్టణం" శ్రీకాకుళంలో ఫ్రీ టైమ్. ప్రైవేట్ కారు, గైడు, లోకల్ భోజనం, విజయనగరంలో ఇంటి దగ్గర పికప్, నలుగురికి కలిపి 6,500. ట్రావెల్స్ వాళ్ళ పేరు రాయను, గొడవ నాకొద్దు. మార్చిలో ఒక శనివారం అమ్మ, అక్క, బావ, నేను వెళ్ళొచ్చాం. ముందే చెప్పేస్తున్నా, పొందూరు కోసమైతే ఇంకేం ఆలోచించకుండా వెళ్ళండి, ఈ ప్యాకేజీ కోసమైతే మాత్రం డబ్బు కట్టేముందు కాస్త ఆగండి.

ఏడున్నరకన్న కారు ఎనిమిదీ పదికి వచ్చింది. పెద్ద కారన్నారు, వచ్చింది మామూలు సెడాన్, వెనక ముగ్గురం ఇరుక్కున్నాం. గైడేడీ అని అడిగితే డ్రైవర్ కాస్త మొహమాటంగా నేనేనండీ అన్నాడు. సరే, మనిషి మంచివాడు, ఏసీ బాగా పనిచేసింది, నాతవలస దగ్గర హైవే ఎక్కాక బండి కూడా నిదానంగానే నడిపాడు.

అసలు చిరాకు చిలకపాలెం జంక్షన్‌కి ముందు మొదలైంది. అక్కడి నుంచి పొందూరు రోడ్డు ఎక్కాలి కదా, ఎక్కకుండానే హైవే పక్కన ఒక పెద్ద బట్టల షాపు ముందు ఆపి, "ఇక్కడ ఒరిజినల్ పొందూరు పంచెలు దొరుకుతాయి, ఒక అరగంట చూడండి" అన్నాడు. ప్యాకేజీ కాగితంలో ఈ షాపు ఎక్కడా లేదు. లోపలికి వెళ్ళగానే కూల్‌డ్రింకులు ఇచ్చారు, అప్పుడే అర్థమైంది నాకు. బావ అప్పటికే ఒక తెల్లపంచె భుజం మీద వేసుకుని అద్దం ముందు నిలబడ్డాడు. అమ్మ ఏమీ మాట్లాడకుండా వెళ్ళి దాని చెరగు రెండు వేళ్ళ మధ్య పెట్టి నలిపింది, గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి అడ్డం పట్టింది, తిరిగొచ్చి నా చెవిలో "ఇది మిల్లు నూలు" అంది. మా నాన్న బతికున్నంత కాలం పొందూరు పంచే కట్టాడు, వాటిని ఉతికి ఆరేసింది ఆవిడే. ఎలా తెలిసిందంటే చెప్పింది: చేత్తో వడికిన దారం ఎంత సన్నదైనా ఒక్కో చోట పిసరంత లావు, ఒక్కో చోట పిసరంత సన్నం ఉంటుంది, వెలుతురుకి పడితే ఆ తేడా కనిపిస్తుంది. ఇదేమో గీత గీసినట్టు మొత్తం ఒకేలా ఉంది, పైగా దట్టంగా గంజి పెట్టారు. నాసిక్‌లో గ్లాసు తిప్పి వాసన చూసినాయన ఆ తర్వాత రోజంతా ఏ బట్ట కనిపించినా అమ్మ వైపే చూశాడు. ఏమీ కొనకుండా బయటికొచ్చేశాం.

ఇక పొందూరు. ఇక్కడ మాత్రం రాయాల్సింది చాలా ఉంది.

నాకు పొందూరంటే పంచె, అక్కినేని నాగేశ్వరరావు కట్టేవాడు అన్నంతవరకే తెలుసు. గంట దూరంలో పుట్టి పెరిగి కూడా ఆ దారం ఎలా తయారవుతుందో ఎప్పుడూ చూడలేదు, సిగ్గుపడాల్సిన విషయమే. డ్రైవర్ మమ్మల్ని ఒక వీధిలో దింపి, ఒకావిడకి చెప్పి, తను టీకి వెళ్ళిపోయాడు. గైడు పని ఆయన వదిలేసింది అక్కడ, మాకు కలిసొచ్చిందీ అక్కడే. పెద్దావిడ, డెబ్బై దాటి ఉంటాయి, వరండాలో కూర్చుని దూది దువ్వుతోంది. చేతిలో ఉన్నది దువ్వెన అనుకున్నాం. అక్క దగ్గరికి వెళ్ళి చూసి ఉలిక్కిపడింది, ఎముక! "సేప దవడమ్మా, వాలుగ సేప. మన కాడ దొరకదు, రాజమండ్రి కాడ్నుంచి తెత్తారు" అందావిడ. ఆ దవడకి ఉండే పళ్ళు చాలా సన్నగా, దగ్గర దగ్గరగా ఉంటాయి. గింజ ఇంకా లోపల ఉండగానే పత్తిని దాంతో దువ్వుతారు, ఎండుటాకు ముక్కలు, నలకలు రాలిపోయి పోగులన్నీ ఒక వైపుకి సాపుగా తిరుగుతాయి. ఇనుప దువ్వెనతో చెయ్యొచ్చుగా అన్నాడు బావ. పోగు తెగిపోద్ది అంది. అంతకంటే వివరణ ఇవ్వలేదు, అవసరం కూడా లేదు.

ఆ తర్వాత నున్నటి చెక్క మీద దూది పెట్టి ఇనుప కడ్డీని దొర్లిస్తే గింజలు ఒక్కొక్కటే బయటికొస్తాయి. చూస్తుంటే మనమూ చేసేయొచ్చు అనిపిస్తుంది. బావ ప్రయత్నించాడు, గింజ నలిగి దూదికి మరక పడింది, ఆవిడ ఆ ముక్క తీసి పక్కన పడేసింది. తర్వాత వింటి నారితో దూదిని ఏకి మబ్బులా చేస్తారు, దాన్ని వత్తుల్లా చుడతారు, వాటినే ఏకులంటారు. ఏకుని ఎండిన అరటి దొప్పలో పెట్టి పట్టుకుంటారు, చేతి చెమట దూదికి అంటకూడదని. నాకు అన్నిట్లోకీ బాగా నచ్చింది ఇదే. ఎవరో ఒకరు, ఎప్పుడో ఒకప్పుడు, ఎండాకాలంలో చెయ్యి తుడుచుకుని తుడుచుకుని విసిగిపోయి పెరట్లో అరటి చెట్టు వైపు చూసి ఉంటారు కదా! ఆఖరికి రాట్నం, 24 ఆకులు, అంటే ఊచలు, ఉన్న పెద్ద చక్రం, ఒకే కదురు. ఎడమ చెయ్యి పైకి లేచేకొద్దీ దారం వస్తూ ఉంటుంది, మన కంటికి సగం కనిపించదు.

కౌంటు అంటే ఏమిటో కూడా అక్కడే తెలుసుకున్నాం, పక్కింటి కుర్రాడు చెప్పాడు. ఒక పౌను బరువు నూలులో 840 గజాల చిలపలు (నూలు చుట్టలు) ఎన్ని వస్తే అన్ని కౌంట్లు. పొందూరు సన్నఖాదీ 100 కౌంటు దాకా వెళ్తుంది. బావ ఇంజినీరు కాబట్టి ఫోన్ తీసి లెక్క కట్టాడు: కిలో నూలు పొడవు దాదాపు 169 కిలోమీటర్లు. శ్రీకాకుళంలో ఒక కొస కడితే రెండో కొస విశాఖపట్నం దాటి పోతుందన్నమాట. ఇంత చేస్తే రోజుకి కూలి ఎంతొస్తుందని అడిగాడు. పెద్దావిడ నవ్వి, రాట్నం తిప్పుతూనే అక్కని "పిల్లలెందరమ్మా" అని అడిగింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు మేం.

మగ్గం దగ్గర ఎక్కువసేపు ఉండలేకపోయాం, ఎందుకంటే షాపు దగ్గర పోయిన అరగంట ఇక్కడే కోత పడింది. డ్రైవర్ వచ్చి టైమైంది అన్నాడు. పన్నెండున్నరకల్లా శ్రీకాకుళంలో ఉండాలట, ఆఫీసు వాళ్ళ రూలట. పరుగున ఖాదీ సంఘం అమ్మకాల దగ్గరికి వెళ్ళి బావకి ఒక పంచె, నాకు ఒక చొక్కా ముక్క తీసుకున్నాం, అది కూడా అమ్మ వెలుతురుకి పట్టి చూసి ఊఁ అన్నాకే. ధర వేలల్లోనే ఉంది. అక్క మొదట బిత్తరపోయింది, తర్వాత ఆ చేప దవడ గుర్తొచ్చిందేమో ఏమీ అనలేదు.

భోజనం గురించి నాలుగు మాటలు, ఎక్కువ అక్కర్లేదు. శ్రీకాకుళంలో ఒక మెస్. ఆవ పెట్టిన పనసపొట్టు కూర అదిరింది, బావ మూడుసార్లు వేయించుకున్నాడు. సాంబారు నీళ్ళు. భోజనం ప్యాకేజీలోనే అన్నారు గానీ పెరుగుకి, అప్పడానికి విడిగా డబ్బు తీసుకున్నారు, దాని మీద గొడవపడే ఓపిక మాకు లేదు.

ఒంటిగంటన్నరకి ఏడు రోడ్ల జంక్షన్‌లో దింపేసి, "ఇప్పుడు మీకు ఫ్రీ టైమ్, నాలుగింటికి ఇక్కడే" అన్నాడు డ్రైవర్. మార్చి ఎండ, తారు రోడ్డు, పక్కన అరవై రెండేళ్ళ అమ్మ. చేతిలో ఒక మ్యాపు లేదు, కాగితం లేదు, ఎక్కడికెళ్ళాలో చెప్పేవాళ్ళు లేరు. బావ చుట్టూ చూసి, "హిస్టారిక్ టౌన్ అన్నారు, ఏదిరా హిస్టరీ?" అన్నాడు. ఎదురుగా సెల్‌ఫోన్ షాపులు. అరసవల్లి సూర్యనారాయణస్వామి గుడి దగ్గరే కదా అని ఆటో అడిగితే, ఈ వేళప్పుడు తలుపులు వేసి ఉంటాయండీ అన్నాడు ఆటో అతను. మా ప్రాంతంలో మధ్యాహ్నం పూట గుళ్ళు మూస్తారని చిన్నపిల్లాడికైనా తెలుసు, ట్రిప్పులు వేసేవాళ్ళకి తెలియదా? ఊళ్ళో చూడాల్సిన మొదటిదే మూసి ఉండే రెండున్నర గంటలు చూసుకుని ఫ్రీ టైమ్ పెట్టారు.

చివరికి ఆ ఆటో అతన్నే మాట్లాడుకున్నాం, మా ట్రిప్‌కి అసలు గైడు ఆయనే అయ్యాడు. జామియా మసీదు చూశాం, 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించింది, ఆయన కుతుబ్‌షాహీల తరఫున ఇక్కడికొచ్చిన ఫౌజ్‌దారు, అంటే సైన్యాధికారి. ఈ ఊరికి గుల్షనాబాద్ అని పేరుండేది, అంటే పూలతోట లాంటి ఊరు. తర్వాత గుడివీధిలో ఉమారుద్ర కోటేశ్వరస్వామి గుడి, అదీ మూసే ఉంది, కానీ వెనకాల నాగావళి ఒడ్డున కాస్త గాలి తగిలింది. బలరాముడు నాగలితో గీస్తే పుట్టిన నది అంటారు, లాంగుల్య అన్న పేరు అందుకే వచ్చిందట. మేం చూసినప్పుడు ఇసుకే ఎక్కువ, నీళ్ళు ఒక పాయలా ఉన్నాయి. డచ్చి వాళ్ళ కాలం నాటి బంగళా కూడా ఆటోలోంచే చూసేశాం.

నా అసలు కంప్లైంట్ ఎండ గురించి కాదు. తెల్లవాళ్ళు ఈ ఊరిని చికాకోల్ అని రాసేవారు. ఆ రోజుల్లో చికాకోల్ మస్లిన్ అంటే సముద్రం దాటి పేరున్న బట్ట. డచ్చి వాళ్ళు ఈ తీరానికి వచ్చిందే బట్టల వ్యాపారం కోసం. అంటే పొద్దున మేం పొందూరులో ఆ పెద్దావిడ చేతుల్లో చూసిన పనికీ, మధ్యాహ్నం మమ్మల్ని ఎండలో వదిలేసిన ఊరికీ మధ్య ఉన్నది ఒకటే దారం. ఈ ఒక్క ముక్క ఎవరైనా కారులో చెప్పి ఉంటే బావ ఏదిరా హిస్టరీ అని అడిగేవాడు కాదు. నేనే నది ఒడ్డున కూర్చుని చెప్పాను, నాకు గుర్తున్నంతలో. ఆయన సంచిలోంచి పంచె బయటికి తీసి మళ్ళీ ఒకసారి వెలుతురుకి పట్టాడు.

నాలుగింటికి కారెక్కాక అరసవల్లి తలుపులు తీసి ఉంటారు కదా, ఒక పది నిమిషాలు ఆపమని అడిగితే ఆఫీసుకి ఫోన్ చేశాడు డ్రైవర్. ప్యాకేజీలో లేదు, కావాలంటే 800 ఎక్కువ అన్నారట. దర్శనం అయింది. ఎలా అయిందో రాస్తే ఆ డ్రైవర్‌కి ఇబ్బంది, కాబట్టి రాయను. ఆయనకి మాత్రం ఐదు స్టార్లు.

వెళ్ళాలనుకునేవాళ్ళు రెండు పనులు చేయండి. ఒకటి, రోజుని తిరగేయమని అడగండి: పొద్దున్నే అరసవల్లి, ఊరు, భోజనం అయ్యాక పొందూరు. అక్కడ వరండాల్లో నీడ ఉంటుంది, కూర్చోవచ్చు, ఎవరూ తొందరపెట్టరు. అయితే ఖాదీ సంఘం అమ్మకాల వేళలు ముందే ఫోన్‌లో కనుక్కోండి, ఆదివారం పెట్టుకోకండి. రెండు, దారిలో ఏ షాపు దగ్గరా దిగం అని ముందే చెప్పేయండి, వీలైతే మెసేజ్‌లో రాయించుకోండి. కారులో సరదాగా శ్రీకూర్మం కూడా అడిగి చూశాం, ఊరి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే. దానికీ విడిగా డబ్బట.

ట్రావెల్స్ వాళ్ళు మర్నాడు రేటింగ్ కోసం ఫోన్ చేశారు. హైవే షాపు సంగతి అడిగితే, అది కస్టమర్ల సౌకర్యం కోసమే సార్ అన్నారు. మా అమ్మ పక్కనుంచి ఫోన్ లాక్కుని ఏదో అంది, అది కూడా రాయను.

బావ పుణె వెళ్ళిన పది రోజులకి ఫోన్ చేశాడు. పంచె ఒకసారి ఉతికాక ఇంకా మెత్తబడిందట, వాళ్ళ నాన్నగారు చూసి తనకీ ఒకటి కావాలన్నారట. వచ్చే నెల నేనూ అమ్మా బస్సులో వెళ్ళి తెస్తాం.